హోంవర్కు, ప్రైవేటు, బడి గేటు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బడులు తెరిచిన రెండు మూడు నెలలకు ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఫీజుల ప్రస్తావన తగ్గి హోంవర్కు ప్రస్తావన పెరుగుతుంది. ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవాటిలో ఐదింటికి జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలను కుదించాం. రాసినవారి పేర్లు, బడుల పేర్లు తొలగించాం.

ప్రశ్న: మా పాప ఒక కాన్వెంటులో రెండో తరగతి చదువుతోంది. తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, ఈవీఎస్ నాలుగింటికీ రోజూ హోంవర్కు ఉంటుంది. నిన్నటి డైరీలో ‘పాఠం ప్రశ్నలు జవాబులు రెండేసి సార్లు, 6, 7 ఎక్కాలు మూడేసి సార్లు, డిక్టేషను పదాలు 20’ అని రాశారు. రాత్రి తొమ్మిదైనా తెమలడం లేదు. పూర్తి కాకపోతే మర్నాడు తరగతి బయట నిలబెడుతున్నారు. పిల్ల రాతలా ఉండాలని సగం నేనే ఎడమచేత్తో రాసి పంపుతున్నాను. దీనికి ఒక నియమమంటూ లేదా? — ఒక తల్లి, రాజాం

జవాబు: ఉందమ్మా. కేంద్ర విద్యాశాఖ 2020లో ప్రకటించిన స్కూలు బ్యాగు విధానం బరువుల గురించే కాక హోంవర్కు గురించి కూడా స్పష్టంగా చెప్పింది. రెండో తరగతి వరకు హోంవర్కు అసలే ఉండకూడదు. మూడు నుంచి ఐదో తరగతి వరకు వారానికి రెండు గంటలు మించకూడదు. రోజుకు కాదు, వారానికి. ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట, ఆపై తరగతులకు రోజుకు రెండు గంటలు గరిష్ఠ పరిమితి. ఇది ఒక్కసారిగా ఊడిపడినది కాదు. పిల్లలకు చదువు భారమవుతున్న తీరును యశ్‌పాల్ కమిటీ 1993లోనే ఎత్తిచూపింది. ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు ఇవ్వరాదని 2018లో మద్రాసు హైకోర్టు చెప్పగా, ఆ ఏడాది నవంబరులో కేంద్రం అదే మాటను రాష్ట్రాలకు రాసింది.

అయితే ఈ విధానం చట్టం కాదు, మార్గదర్శకం. ఉల్లంఘించిన బడికి ఇంత జరిమానా అని అందులో ఎక్కడా లేదు. కాబట్టి ఆ కాగితం పట్టుకుని పోట్లాటకు దిగితే బడి వారు ‘మాకు అలాంటి ఆర్డరు రాలేదు’ అని తేల్చేస్తారు. మీకు గట్టి పట్టు దొరికేది హోంవర్కు విషయంలో కాదు, పిల్లను బయట నిలబెట్టడంలో. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షను పిల్లలకు శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ప్రభుత్వ బడికైనా ప్రైవేటు బడికైనా అది ఒక్కటే. ఏడేళ్ల పిల్లను అందరూ చూస్తుండగా వరండాలో నిలబెట్టడం క్రమశిక్షణ కిందికి రాదు. ఈ ఒక్క విషయాన్ని మాత్రం ప్రిన్సిపాలుకు రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు దగ్గర ఉంచుకోండి. జవాబు రాకపోతే మండల విద్యాశాఖాధికారి, ఆపైన జిల్లా విద్యాశాఖాధికారి ఉన్నారు. ప్రైవేటు బడులపై ఫిర్యాదులు వినడానికి 2019 చట్టంతో ఏర్పడిన రాష్ట్ర పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ కూడా ఉంది. కాని రాజాంలో మొదలైన ఈ ముచ్చట రాజాంలోనే తేలడం మీ పాపకు మంచిది.

హోంవర్కుకు వేరే దారి ఉంది. ఈ రోజు నుంచే ఎడమచేతి రాత మానేయండి. మీరు రాసిపెట్టినంత కాలం, పిల్ల ఆ పని అంతా చేయగలుగుతోందనే టీచరు అనుకుంటుంది. రేపు ఇంకో పది పదాలు కలుపుతుంది. దానికి బదులు పాపను అరగంట కూర్చోబెట్టి, ఎంతవరకు వస్తే అంతవరకు రాయనిచ్చి, డైరీలో ‘అరగంట రాసింది, ఇంతవరకే అయింది, నిద్రకు పంపాను’ అని రాసి సంతకం పెట్టండి. పది రోజులు అలా రాసిన డైరీ ఏ అర్జీకన్నా బాగా మాట్లాడుతుంది. అదే తరగతిలో మరో నలుగురు తల్లులు కూడా అలా రాస్తే, ఆ మాటలు టీచరును దాటి యాజమాన్యం వరకు వెళ్తాయి.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ హోంవర్కు భారం బడి వారు ఒక్కరే పెట్టింది కాదు. ‘ఆ కాన్వెంటులో ఏమీ రాయించరు’ అని తల్లిదండ్రులే పిల్లలను మాన్పించి, వీధి చివర ఎక్కువ రాయించే బడిలో వేయడం ఈ ప్రాంతంలో ప్రతి టౌనులోనూ కనిపిస్తుంది. నోట్సు నిండితే ఫీజు గిట్టుబాటైనట్లు లెక్క. ఒకటి, రెండు తరగతుల పిల్లలు నిన్న సాయంత్రం ఇంట్లో ఏం ఆడారో, ఏం తిన్నారో తరగతిలో చెప్పించమని ఆ 2020 విధానం సూచిస్తుంది. మూడు నుంచి ఐదు తరగతుల వారినైతే రాత్రి వంట ఎవరు చేశారు, ఎలా చేశారు, ఎవరు సాయపడ్డారు అని అడగమంటుంది. వినడానికి అల్పంగా ఉన్నా, ఆ వయసు పిల్లకు వరుసగా నాలుగు వాక్యాలు అల్లి చెప్పడం జవాబును రెండుసార్లు దించి రాయడం కంటే కష్టమైన పని. చదువుకు పనికొచ్చే పని కూడా.

ప్రశ్న: మా కొడుకు, కోడలు పనికోసం హైదరాబాదులో ఉన్నారు. నాలుగు, ఏడు తరగతులు చదివే ఇద్దరు మనవలు మా దగ్గరే ఉంటారు. హోంవర్కు అంతా వాట్సాపులో పెడుతున్నారు. నాది బటన్ల ఫోను. మొన్న చిన్నవాడికి జ్వరమొచ్చిందని కబురు పంపితే వెళ్లాను. ‘పేరెంట్స్ ఐడీ కార్డు లేకపోతే లోపలికి పంపం’ అని గేటు దగ్గర గంటసేపు ఎండలో నిలబెట్టారు. నేను పెంచుతున్న పిల్లలకు నేను ఎవరినీ కాదా? — ఒక తాత, కవిటి మండలం

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో ఉన్నవి రెండు సమస్యలు. రెండింటికీ మూలం మాత్రం ఒకటే. ఇంట్లో చదువుకున్న తల్లి, చేతిలో పెద్ద ఫోను, సాయంత్రం తీరిక ఉన్నాయని అనుకుని బడి తన నియమాలు రాసుకుంటుంది. ఉద్దానంలోనూ తీరంలోని మత్స్యకార గ్రామాల్లోనూ అలాంటి ఇళ్లు ఎన్ని ఉంటాయో ఆ బడిలో పనిచేసే స్థానికులకు తెలియనిది కాదు. నెలల తరబడి గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లే తండ్రులు, జీడి పరిశ్రమలో పనిచేసే తల్లులు, వలస వెళ్లిన దంపతులు ఉన్న చోట పిల్లల చదువు అవ్వ తాతల అరుగు మీదే నడుస్తుంది.

గేటు సంగతి ముందు చెప్తాను. తెలియని మనిషి చేతికి పిల్లవాణ్ణి అప్పగించకపోవడం బడి తప్పు కాదు. 2021 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బడిలో ఉన్నంతసేపు పిల్లల భద్రతకు ప్రధానోపాధ్యాయుడు, యాజమాన్యం జవాబుదారులు. కాబట్టి వాచ్‌మన్‌పై కోపం వద్దు. కాని మిమ్మల్ని ‘తెలియని మనిషి’గా ఉంచడం మాత్రం బడి తప్పే, కొంత మీ అబ్బాయి తప్పు కూడా. విద్యాహక్కు చట్టం ఎప్పుడు మాట్లాడినా తల్లిదండ్రులతో పాటు సంరక్షకులను కలిపే చెబుతుంది. పిల్లల హాజరు, చదువు గురించి టీచర్లు క్రమంగా సమావేశాలు పెట్టి చెప్పవలసింది ఆ ఇద్దరికీ. మీ అబ్బాయి చేత ఒక కాగితం రాయించండి: ‘నా పిల్లలు మా నాన్నగారి సంరక్షణలో ఉన్నారు, వారిని బడి నుంచి తీసుకువెళ్లే అధికారం ఆయనకు, మా అమ్మగారికి ఉంది’ అని సంతకం, ఫోను నంబరు, మీ ఇద్దరి ఫొటోలు, ఆధార్ నకళ్లతో ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్లు సంతకం పెట్టించుకోండి. మీకూ కార్డు ఇమ్మని అడగండి. ఈ పండుగకు ఆయన ఊరు వచ్చినప్పుడు స్వయంగా వెళ్లి ప్రధానోపాధ్యాయునికి మిమ్మల్ని పరిచయం చేస్తే ఇంకా మంచిది. జ్వరంతో ఉన్న పిల్లవాడి కోసం వచ్చిన వృద్ధుణ్ణి ఎండలో నిలబెట్టకుండా, లోపల బల్ల మీద కూర్చోబెట్టి ఆ ఫోనేదో కొడుక్కి చేసి అడిగి ఉండవచ్చు. దానికి ఏ మార్గదర్శకమూ అక్కర్లేదు.

ఇక వాట్సాపు. ఏడో తరగతి వాడికి డైరీలో రాసుకునే వయసు ఉంది. పెద్ద ఫోను లేని పిల్లలకు బోర్డు మీద రాసి, డైరీలోకి ఎక్కించిన తర్వాతే గంట కొట్టమని టీచరును మర్యాదగా అడగండి. ఇది మీ ఒక్కరి కోరిక కాదు, ఆ తరగతిలో చాలామందిది అయి ఉంటుంది. నాలుగో తరగతి వాడికి వారం మొత్తానికి రెండు గంటల పనే ఉండాలని పైన చెప్పాను. అంతకు మించి వస్తే, అది మీకు చదువు రాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది అనుకోకండి. బడిలో చెప్పింది అర్థమైన పిల్లవాడు ఇంట్లో ఎవరి సాయమూ లేకుండా చేయగలిగిందే హోంవర్కు. పక్కన పెద్దవాళ్లు కూర్చుంటే గాని సాగని పనిని ఇంటికి పంపడమంటే, పాఠం చెప్పే పనిని కూడా ఇంటికి పంపడమే. మీరు చేయగలిగింది వేరే ఉంది: రోజూ ఒకే వేళకు దీపం కింద కూర్చోబెట్టడం, ఈ రోజు ఏం చెప్పారురా అని అడగడం, వాడు చెబుతుంటే వినడం.

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. వాళ్ల లెక్కల మాస్టారు సాయంత్రం తన ఇంట్లో ప్రైవేటు చెబుతారు. ఆయన దగ్గర చేరిన పిల్లలకు పరీక్షకు ముందు ‘ముఖ్యమైన లెక్కలు’ ఇస్తున్నారని, చేరని వారిని తరగతిలో పట్టించుకోవడం లేదని మా అబ్బాయి అంటున్నాడు. చేర్పించమంటారా, ఫిర్యాదు చేయమంటారా? — ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ముందు చట్టం. విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ఒకే వాక్యం: ఏ ఉపాధ్యాయుడూ ప్రైవేటు ట్యూషను గాని, ప్రైవేటు బోధన గాని చేయరాదు. సొంత బడి పిల్లలకు చెప్పకూడదు, ఇతరులకు చెప్పవచ్చు అనే మినహాయింపు అందులో లేదు. ఆ చట్టం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చదువుకు సంబంధించినది కాబట్టి మీ అబ్బాయి తరగతి దాని పరిధిలోనిదే. ఆయన ప్రభుత్వోపాధ్యాయుడైతే, అనుమతి లేని ప్రైవేటు ఉద్యోగాన్ని నిషేధించే 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు కూడా వర్తిస్తాయి.

చట్టం ఇంత కచ్చితంగా ఉన్నా ఊళ్లో ప్రైవేట్లు యథాప్రకారం నడుస్తున్నాయంటే, ఫిర్యాదు చేసేవారు లేకపోవడమే కారణం. ఫిర్యాదు చేస్తే పిల్లవాడి మీద పడుతుందనే భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. అది ఊరికే పుట్టిన భయం కాదు. చిన్న కాన్వెంట్లలో పనిచేసే టీచరు విషయంలో ఇంకో కోణం ఉంది. బడి ఇచ్చే జీతంతో ఇల్లు గడవక సాయంత్రం ప్రైవేటు చెప్పుకునే వారు ఎందరో ఉన్నారు, వారిలో చాలామంది నిజాయతీపరులు. వారిని దోషుల్లా చూడటం నాకు ఇష్టం లేదు. కాని మీరు రాసిన విషయం వేరు. తరగతిలో అందరికీ చెప్పవలసిన పాఠాన్ని దాచి, డబ్బు కట్టిన వారికి సాయంత్రం అమ్మడం అది. జీతం తక్కువనే సాకు దానికి సరిపోదు.

చేర్పించవద్దు. చేర్పించిన మరుక్షణం మీరు అడిగే అర్హత పోతుంది, పైగా మీ అబ్బాయికి లెక్కలు రావడం కంటే మాస్టారి దయ అవసరమన్న సంగతి ఆరో తరగతిలోనే వంటబడుతుంది. అలాగని పిల్లవాడు చెప్పిన మాట మీదే ఫిర్యాదు రాయకండి. పరీక్ష జవాబు పత్రాలు తెప్పించుకుని చూడండి, ప్రైవేటుకు వెళ్లే ఇద్దరు పిల్లల నోట్సులు చూడండి. పరీక్షలో వచ్చిన లెక్కలు ఆ నోట్సులో ముందే ఉన్నాయో లేదో తేలిపోతుంది. ఉన్నాయని తేలితే మాస్టారి పేరు ఎత్తకుండా ప్రధానోపాధ్యాయుణ్ణి ఒకటి అడగండి: ‘మా వాడు లెక్కల్లో వెనకబడ్డాడు, బడిలోనే అదనంగా చెప్పే ఏర్పాటు ఏముంది?’ ప్రతి పిల్లవాడి స్థాయినీ అంచనా వేసి, అవసరమైన వారికి అదనపు బోధన ఇవ్వడం ఉపాధ్యాయుని విధి అని 24వ సెక్షను చెబుతోంది. మీరు అడిగేది దయ కాదు, ఆ విధి. బడిలో ఆ ఏర్పాటు మొదలైతే బయటి ప్రైవేటు దానంతట అదే పలుచబడుతుంది. అప్పటికీ మారకపోతే రాతపూర్వక ఫిర్యాదు తప్పదు; ఒక్కరుగా కాక నలుగురు తల్లిదండ్రులు కలిసి సంతకాలు పెడితే ఏ ఒక్క పిల్లవాడూ గురి కాడు.

‘ఐఐటీ ఫౌండేషన్’ కోచింగులో వేస్తే ఈ మాస్టారి బెడద ఉండదు కదా అని ఉత్తరం చివర అడిగారు. 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాలు పదహారేళ్లు నిండని వారిని చేర్చుకోవద్దని, పదో తరగతి పరీక్ష తర్వాతే చేర్చుకోవాలని చెబుతున్నాయి. ఆరో తరగతి పిల్లవాడికి ముందు భిన్నాలు, దశాంశాలు గట్టిపడాలి. ఫౌండేషన్ అంటే అదే.

ప్రశ్న: నేను డిగ్రీ, బీఈడీ చేశాను. డీఎస్సీకి చదువుకుంటూ విజయనగరంలో మా ఇంట్లోనే మా వీధి పిల్లలు పన్నెండు మందికి ప్రైవేటు చెబుతున్నాను. 28వ సెక్షను నాకూ వర్తిస్తుందా? అనుమతి తీసుకోవాలా? — ఒక యువతి, కంటోన్మెంటు

జవాబు: మీరు ఏ బడిలోనూ టీచరు కానంతకాలం 28వ సెక్షను మీకు వర్తించదమ్మా. 2024 కోచింగ్ మార్గదర్శకాలు యాభై మందికి పైగా విద్యార్థులున్న కేంద్రాలకు సంబంధించినవి, అవీ మీకు అక్కర్లేదు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన రోజున మాత్రం మానేయాలి. పిల్లల హోంవర్కు మీరు చేసిపెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానండి. తలుపులు తెరిచి ఉంచండి, ఏ పిల్ల ఎవరితో ఎన్నింటికి ఇంటికి వెళ్లిందో ఒక పుస్తకంలో రాయండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. నేను యాజమాన్య కమిటీ సభ్యురాలిని. బడిలోకి ఎవరు పడితే వారు వచ్చేస్తున్నారు. పుట్టినరోజుకు బిస్కెట్లు పంచేవారు, పుస్తకాలు అమ్మేవారు, కండువాలు వేసుకొచ్చే నాయకులు, ఫోనుతో వీడియోలు తీసేవారు. సాయంత్రమైతే కొందరు గ్రౌండులో కూర్చుని మందు తాగుతున్నారు, పొద్దున్న పిల్లలు సీసా పెంకులు ఏరుతున్నారు. అడిగితే ‘ఊరి బడి, మేము కట్టించుకున్నాం’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఊరి బడి అన్న మాటను కొట్టిపారేయకండి. స్థలం ఇచ్చినవారు, చందాలు వేసి గది కట్టించినవారు, అదే బడిలో చదువుకుని పైకొచ్చి ఏటేటా బహుమతులిచ్చేవారు ఈ జిల్లాలో ప్రతి హైస్కూలుకూ ఉంటారు. వారిని గేటు బయట పెట్టే నియమం నిలవదు, నిలవకూడదు కూడా. రావడం వేరు, తరగతి గదిలోకి రావడం వేరు అనే గీత ఒక్కటి గట్టిగా గీస్తే సగం చిక్కులు తీరతాయి. ఎవరు వచ్చినా ముందు ప్రధానోపాధ్యాయుని గదికి రావాలి, రిజిస్టరులో పేరు, ఫోను నంబరు, వచ్చిన పని, వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాయాలి. పాఠం జరుగుతుండగా తరగతిలోకి ఎవరూ వెళ్లకూడదు, వెళ్లవలసి వస్తే టీచరు వెంట ఉండాలి. బిస్కెట్లయినా నోట్ పుస్తకాలయినా ఆఫీసులో అప్పగించాలి, పంచేది బడి. ఇంతే. దీన్ని కమిటీ సమావేశంలో తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, పెద్ద అక్షరాలతో గేటు పక్క గోడ మీద రాయించండి. గోడ మీద రాసి ఉంటే ప్రధానోపాధ్యాయుడు ఎవరికీ మొహం చాటేయనక్కర్లేదు, ‘అది నా మాట కాదండీ, కమిటీ తీర్మానం’ అని చూపిస్తే చాలు.

కండువాల విషయంలో మీకు ప్రభుత్వమే అండ. రాజకీయ పార్టీల గుర్తులతో బడి ఆవరణలోకి రాకూడదని 2025లో రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ ఆదేశించింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ ఆదేశాన్ని ఒకేలా అమలు చేయగలిగితేనే మీ గోడ మీది రాతకు విలువ ఉంటుంది.

వీడియోల గురించి గట్టిగా ఉండండి. సాయం చేసినవారు పిల్లలను వరుసలో నిలబెట్టి, చేతిలో పెన్సిలు పెట్టి, ఫోను ముందు నవ్వమనడం చూస్తూనే ఉన్నాం. ఆ పిల్ల పేరు, ఊరు, బడి, పేదరికం అన్నీ ఆ వీడియోతో ఊరూరూ తిరుగుతాయి. అది ఎవరి చేతిలో పడుతుందో తీసినవారికీ తెలియదు. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేనిదే తీయరాదని తీర్మానంలో చేర్చండి. సాయం చేసిన దాతకు కృతజ్ఞతాపత్రం ఇవ్వండి, ఆయన ఇచ్చిన బెంచీల ఫొటో ఇవ్వండి.

అన్నింటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. బయటివారి వల్ల గాని, లోపలివారి వల్ల గాని, ఏ పిల్లపైనైనా లైంగిక వేధింపు జరిగినట్లు మీ చెవిన పడితే, ఊరి పెద్దల దగ్గర పంచాయితీ పెట్టి సర్దుబాటు చేసే వీలు చట్టం ఎవరికీ ఇవ్వలేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే, సంస్థ అధిపతి చెప్పకపోతే ఏడాది వరకు జైలు ఉంటుంది. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరును పిల్లలకు కనిపించే చోట, వారు చదవగలిగే ఎత్తులో రాయించండి.

గ్రౌండు సంగతి రిజిస్టరుతో తీరదు. ప్రహరీ గోడ గాని కంచె గాని ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది, కాబట్టి లేకపోతే ఆ పనిని కమిటీ అభివృద్ధి ప్రణాళికలో మొదటి పనిగా రాయండి. ఉన్నా గేటుకు తాళం లేకపోతే అది ఉన్నట్టు కాదు. సాయంత్రం తాళం ఎవరు వేస్తారు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది అనేది పేరుతో సహా తీర్మానంలో ఉండాలి. ఆటలాడుకునే కుర్రాళ్లకు మాత్రం సాయంత్రం ఒక వేళ కేటాయించండి. వాళ్లను కూడా వెళ్లగొడితే చీకటిపడ్డాక ఆ గ్రౌండు తాగేవారిదే అవుతుంది. వాళ్లలో పెద్దవాడొకడికి తాళం బాధ్యత అప్పగించిన ఊళ్లలో సీసా పెంకులు తగ్గడం నేను చూశాను. అప్పటికీ మానకపోతే సర్పంచి, కమిటీ కలిసి పోలీసు స్టేషనులో అర్జీ ఇవ్వండి. పొద్దున్న పెంకులు ఏరే పని మాత్రం పిల్లల చేత చేయించవద్దని ప్రధానోపాధ్యాయునికి రేపే చెప్పండి.